మాతృభాష గడిలో ఏం రాయాలి?

నేను ముప్పై మూడేళ్లు తెలుగు పండిట్‌గా పనిచేశాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తొమ్మిది హైస్కూళ్లు తిరిగాను. ట్రాన్స్‌ఫరై కొత్త బడికి వెళ్లిన ప్రతిసారీ ఒకటే తంతు. ఆర్డరు కాగితం మీద పేరు చదువుతారు. నా మొహంకేసి చూస్తారు. "మా స్కూల్లో ఉర్దూ పోస్టు లేదే మాస్టారూ" అంటారు. తెలుగు పోస్టుకేనండీ అంటాను. "సాయిబులై ఉండి తెలుగు పండితులా! ఎంత గొప్ప విషయం!" అని కుర్చీ చూపిస్తారు.

మెచ్చుకోలే, కాదనను. కానీ నా పక్కన కూచున్న నాయుడు మాస్టారికి, శాస్త్రి మాస్టారికి ఈ మెచ్చుకోలు ఎప్పుడూ దక్కలేదు. వాళ్లకి తెలుగు రావడం సహజం. నాకు రావడం గొప్ప. అంటే నాకు రాకపోవడమే సహజమన్నమాట. నేను పుట్టింది నాగావళి ఒడ్డున. మా తాత పుట్టిందీ, ఆయన తండ్రి పుట్టిందీ అక్కడే. వీధిలో గోళీలాడిన భాష, బజార్లో బేరమాడిన భాష నాకొస్తే అది గొప్ప ఎలా అవుతుంది?

తెలుగంటే హిందువులది, ఉర్దూ అంటే ముస్లింలది అని అమ్మకడుపులో ఎవరూ నేర్చుకుని రారు. బడిలో నేర్చుకుంటారు. బడికి ఎవరు నేర్పారు? రాజ్యం నేర్పింది. రాజ్యం మారినప్పుడల్లా బడి మారింది. ఆ బడి తయారుచేసిన మనుషులు మళ్లీ రాజ్యాన్ని కుదిపారు. ఈ రెండింటి మధ్య మాలాంటివాళ్లం ఎక్కడున్నామన్నది నా రెండు జిల్లాల చరిత్ర పట్టుకునే చూసుకోవాలనిపించింది.

ముందు మా ఇంటి భాష సంగతి చెప్పాలి. మా అబ్బా దర్జీ. మా నానీ సాయంత్రం పూట నన్ను "గుమ్మంమే నక్కో బైఠ్" అని కసిరేది. అన్నం వేళకి "బేగి ఆ" అని పిలిచేది. గుమ్మం తెలుగు. నక్కో దక్కనీ. బేగి అచ్చంగా మా సిక్కోలు మాట. మాకది మూడు భాషల కలగాపులగమని తెలీదు. అది మా మాట, అంతే. హైదరాబాదు నుంచి చుట్టాలొస్తే "యే కౌన్‌సీ ఉర్దూ హై?" అని నవ్వేవాళ్లు. బయటికెళ్లి అదే మాట్లాడితే తెలుగువాళ్లు "తురక తెలుగు" అని నవ్వేవాళ్లు. రెండు వైపులా నవ్వులే గానీ రెండు వైపులా చోటు లేదు.

ఒకటో తరగతిలో చేర్చడానికి అబ్బా నన్ను తీసుకెళ్లాడు. అప్లికేషన్‌లో మాతృభాష అని ఒక గడి. "తెలుగే రాయండి బాబూ, మేమందరం తెలుగు మాటాడతాం" అన్నాడు అబ్బా. "మీరు మహమ్మదీయులు కదా" అంటూ మాస్టారు ఉర్దూ అని రాసుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. గడి ఉంది, నింపాలి, నింపారు. అలా నాకు చదవడం రాని భాష నా మాతృభాష అయిపోయింది. ఆ బడిలో ఉర్దూ చెప్పే పంతులు లేడు. రికార్డులో ఒక భాష, పలక మీద ఇంకో భాష, పొయ్యి దగ్గర ఈ రెండూ కాని భాష. మసీదులో మౌల్వీ దగ్గర అరబ్బీ అక్షరాలు కూడబలుక్కోవడం నేర్చుకున్నాను. అక్కడ చదవడం వచ్చింది, అర్థం రాలేదు. ఆరేళ్లకే నాలుగు భాషలున్నవాణ్ణి. నీది ఫలానా భాష అని నిలబెట్టి చెప్పినవాళ్లు మాత్రం లేరు.

ఆ గడికి ముత్తాతలున్నారు. వాటి వయసు రెండొందల ఏళ్లు. 1822 జులైలో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, మీ మీ జిల్లాల్లో బడులెన్ని, పిల్లలెందరు, ఏం చదువుతున్నారు, లెక్కతీసి పంపమని కలెక్టర్లని అడిగాడు. అప్పుడు శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది, విజయనగరం విశాఖపట్నం జిల్లాలో. లెక్కలన్నీ కూడితే ప్రెసిడెన్సీ మొత్తంలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు తేలారు. ఆ ఫారంలో పిల్లల్ని గళ్లలో పోశారు. బ్రాహ్మణులకో గడి, వైశ్యులకో గడి, శూద్రులకో గడి, తక్కిన కులాలకో గడి, ముసల్మానులకో గడి. 1826లో మన్రో ఒక్కో కలెక్టరేటుకి రెండేసి పెద్ద బడులు పెడదామన్నాడు. ఒకటి హిందువులకి, ఒకటి ముసల్మానులకి. కింద తాలూకాల్లో తహసీల్దారీ బడులు. పదేళ్లకే, 1836లో, వాటిని ఎత్తేశారు. బడులు పోయాయి, గళ్లు మిగిలాయి.

మన్రో దుర్మార్గుడని నేననను. చదువు గురించి అడగాలన్న బుద్ధి పుట్టిన దొర ఆయన. కానీ రాజ్యం చూపే అంత. పిల్లవాణ్ణి ముందు గడిలో రాసుకుంటుంది, ఆ తర్వాతే బడిలో చేర్చుకుంటుంది. పక్కపక్క ఇళ్ల పిల్లలు రెండు బడులకి వెళ్లాలన్న ఆలోచన మా సిక్కోలు వీధిలో పుట్టలేదు. కచేరీలో, ఫారం మీద పుట్టింది.

ఇక్కడ నా హిందూ మిత్రులు ఒక మాట అడ్డం వేస్తారు. "అంతకుముందు ఏలింది మీవాళ్లే కదా" అంటారు. ఏలినవాళ్లున్నారు. శ్రీకాకుళం జామియా మసీదుని 1641లో గోల్కొండ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించాడు. కుతుబ్‌షాహీలు పోయి మొగలులు, వాళ్ల వెనక నిజాం వచ్చారు. 1753లో సర్కారు జిల్లాలు ఫ్రెంచివాళ్ల చేతికి, 1766లో ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయాయి. దర్బారు భాష ఫారసీ. ఆ ఫారసీ ఎవరికొచ్చు? దర్బారులో కొలువున్నవాళ్లకి వచ్చు. ఫారసీ నేర్చిన నియోగి మునిషీకి కొలువుండేది. మా పెద్దలకి వచ్చింది సూదీ దారం. రాజ్యం భాష రాజ్యానిదే గానీ రాజుగారి మతంలో ఉన్న బీదవాడిది కాదు. ఇంగ్లీషు రాజ్యంలో క్రైస్తవ మాలమాదిగలు ఏలికలయ్యారా?

పోతూ పోతూ ఆ రాజ్యం మాటల్ని మాత్రం జనం నోట్లో వదిలేసి పోయింది. తెలుగు బడిలోనే చూడండి. పొద్దున్నే మాస్టారు హాజరు వేస్తారు. పిల్లలు కాగితం మీద కలంతో రాస్తారు. ప్రశ్నకి జవాబు చెప్తారు. చేతిరాత బాగుంటే దస్తూరీ బాగుందంటారు. హాజరు, కాగితం, కలం, జవాబు, దస్తూరీ, అన్నీ అరబ్బీ ఫారసీల నుంచి వచ్చినవే. మా నానీ ఎరిగిన మాటలు నాకంటే ముందే బడిలో చేరి పై తరగతులకి పోయాయి. వాటినెవరూ మాతృభాష అడగలేదు.

మాటల్ని కలుపుకున్న బడి మనుషుల్ని కలుపుకోవడానికి వచ్చేసరికి చరిత్ర పాఠం తీస్తుంది. మా ప్రాంతంలో బొబ్బిలి యుద్ధం నాటకం వెయ్యని బడి అరుదు. 1757 జనవరి 24న జరిగింది ఆ యుద్ధం. బొబ్బిలి రాజుకీ విజయనగరం రాజుకీ పడదు. విజయనగరం రాజు వెనక బుస్సీ, అతని ఫ్రెంచి సైన్యం. బుస్సీకి దివాను హైదర్‌జంగ్. నేను చదివిన బడిలో వార్షికోత్సవానికి వేషాలు పంచుతుంటే తాండ్ర పాపారాయుడి కోసం పది చేతులు లేచేవి. హైదర్‌జంగ్‌కి పోటీ లేదు. "నువ్వున్నావు కదరా" అనేవారు. వరసగా మూడేళ్లు నేనే. కోట పగలగొట్టిన ఫిరంగులు ఫ్రెంచివి. పంతాలు ఇద్దరు హిందూ జమీందార్లవి. ఈలలూ శాపనార్థాలూ మాత్రం హైదర్‌జంగ్‌వి. నాటకమైపోయాక వారం రోజులు పిల్లలు నన్నా పేరుతోనే పిలిచేవాళ్లు. బుస్సీ వేషం కట్టిన కుర్రాణ్ణి ఫ్రెంచోడా అని ఒక్కరూ పిలవలేదు. వాడు వేషం విప్పేశాడు. నా వేషం విప్పడానికి వీల్లేకపోయింది.

మరి మాకు చదువు చెప్పాలని రాజ్యానికి ఎన్నడూ తోచలేదా? తోచింది. 1857 తిరుగుబాటు అణిగాక, తెల్లదొరల నిద్రలో ముసల్మాను తరచు కనిపిస్తున్న రోజుల్లో తోచింది. 1871లో వైస్రాయి మేయో ముస్లింల చదువు మీద తీర్మానం చేశాడు. అదే ఏడాది డబ్ల్యు.డబ్ల్యు. హంటర్ భారత ముసల్మానుల మీద పుస్తకం వేశాడు. రాణి మీద తిరగబడడం వాళ్లకి మతధర్మమా అన్నది అందులో ప్రశ్న. 1882లో విద్యా కమిషన్‌కి అధ్యక్షుడైందీ ఆ హంటరే. ముస్లింలకోసం ఆ కమిషన్ విడిగా సిఫార్సులు చేసింది. స్కాలర్‌షిప్పులు ఇవ్వాలంది, స్థానిక నిధుల్లోంచి ఖర్చు పెట్టొచ్చంది, జనాభాలో ముస్లింలు చెప్పుకోదగినంత ఉన్న చోట్ల హిందూస్తానీ, ఫారసీ నేర్పే ఏర్పాటు చెయ్యాలంది. మంచి సిఫార్సులే. కానీ మా పేదరికం చూసి కదిలిన కాగితాలు కావవి. మమ్మల్ని చూసి జడిసిన కాగితాలు. ఆ జంకే లేకపోతే అవి బీరువా దాటేవి కావని నా నమ్మకం.

చెప్పుకోదగినంత అన్న మాట దగ్గర మేము మళ్లీ జారిపోయాం. 2011 జనాభా లెక్కల్లో చూసినా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ముస్లింలం నూటికి ఒకరం కూడా లేము. కడపలో కర్నూలులో లెక్కకొస్తారు. హైదరాబాదులో భయపెడతారు. మేము భయపెట్టడానికీ చాలం, లెక్కకీ చాలం.

అయితే తెలుగునాట చదువులో వచ్చిన అతి పెద్ద మార్పు మా నేల మీదే మొదలైంది. ఈ సంగతి చెప్పుకోవడం నాకు గర్వం. 1906 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే దొర ఉత్తర సర్కారు జిల్లాల బడులకి ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. ఆయన వేసిన ప్రశ్న చిన్నపిల్లలు వేసేలాంటిది. మీరు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఇంకొకటి, ఎందుకలా? పండితులకి కోపమొచ్చింది. ముగ్గురికి మాత్రం ఆ ప్రశ్న నిద్రపట్టనివ్వలేదు. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరం సంస్థానంలో గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి. గిడుగు పుట్టింది ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. గురజాడా ఆయనా విజయనగరం బడిలో కలిసి చదువుకున్నవాళ్లు.

అప్పటి పాఠ్యపుస్తకాల భాష చిన్నయసూరి పెట్టిన దారి. సూరి నీతిచంద్రిక 1853లో, బాలవ్యాకరణం 1858లో వచ్చాయి. ఆ భాష ఎవరి ఇంట్లోనూ లేదు. దాన్ని నేర్చుకోవాలంటే ఇంట్లో ఒక పండితుడుండాలి, లేదా పండితుణ్ణి పెట్టుకునే డబ్బుండాలి. రైతు పిల్లవాడికీ దర్జీ పిల్లవాడికీ అది ఇంగ్లీషంత దూరం. ఆ భాషలో పరీక్ష రాస్తేనే స్కూలు ఫైనలు. స్కూలు ఫైనలుంటేనే సర్కారు కొలువు. ఇక వ్యాకరణం వ్యాకరణంగా మిగలదు. కచేరీ గుమ్మం దగ్గర కాపలా కాస్తుంది.

1910ల మొదట్లో స్కూలు ఫైనలు వ్యాసం వాడుక భాషలో రాయొచ్చని ప్రభుత్వం వెసులుబాటిచ్చింది. అటువైపు 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వెలిసింది. దాన్ని నడిపిన జయంతి రామయ్య పంతులు ఉద్యోగరీత్యా డిప్యూటీ కలెక్టరు. ఇటు గిడుగు, రిటైరైన బడిపంతులు. సభలు జరిగాయి, అర్జీలు వెళ్లాయి. యూనివర్సిటీ వేసిన కమిటీలో గురజాడ ఒంటరిగా నిలబడి 1914లో అసమ్మతి పత్రం రాశాడు. 1915 కల్లా ఆ వెసులుబాటు పోయింది. ఆ ఏడాది నవంబరు 30న గురజాడా పోయాడు. ఏది తెలుగో తేల్చమని రెండు పక్షాలూ అడిగింది ఎవర్ని? తెలుగు రాని ప్రభుత్వాన్ని. వాడుక భాష ఓడింది శాస్త్రంలో కాదు, ఉత్తర్వులో. గిడుగు మాత్రం ఊరుకోలేదు. 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టి ఊరూరా తిరిగి వాదించాడు. పాఠ్యపుస్తకాల వచనం పూర్తిగా మారేసరికి ఆయన పోయి ఇంచుమించు ముప్పై ఏళ్లయింది.

నేనీ వ్యాసం ఈ భాషలో రాస్తున్నానంటే అది గిడుగు పెట్టిన భిక్ష. గ్రాంథికమే నిలిచి ఉంటే దర్జీ కొడుకు తెలుగు పండిట్ అయ్యేవాడు కాదు. ముస్లింలం, దళితులం, బీసీలం తెలుగులో మా బతుకు రాసుకోగలుగుతున్నామంటే ఆ గొడవలో మేమూ గెలిచామన్నమాటే. కనక గిడుగు నాకు పరాయివాడు కాదు. ఆయన్ని పొగిడే హక్కుంది. ఆయన పేరున జరిగిన పని ఎక్కడ ఆగిపోయిందో అడిగే హక్కూ ఉంది.

అది శిష్ట వ్యావహారికం అన్నచోట ఆగింది. శిష్టులెవరు? చదువుకున్నవాళ్లు. ఎక్కడివాళ్లు? రానురాను కృష్ణా, గుంటూరు, గోదావరి వాళ్లు. వాడుక భాష కోసం పోరాడిన జిల్లాల వాడుక భాషే పుస్తకంలోకి రాలేదు. "ఏటి", "నాను", "గుంటడు" అంటే సినిమాలో నవ్వడానికి పనికొచ్చాయి గానీ పాఠానికి పనికి రాలేదు. నా క్లాసులో కాపు పిల్లలు, కాళింగ పిల్లలు, మత్స్యకారుల పిల్లలు, అందరూ "ఏటి" అంటే తల దించుకున్నవాళ్లే. ఈ విషయంలో మేము ఒంటరివాళ్లం కాము. మాకు ఒక గుమ్మం ఎక్కువ, అంతే.

ఆ ఎక్కువ గుమ్మం ఎలా ఉంటుందో పదో తరగతి పేపర్లు దిద్దినవాళ్లకి తెలుస్తుంది. లేఖ రాయమని ఒక ప్రశ్న ఉంటుంది. పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది అని మొదలుపెట్టాలి. ఒక ఏడు స్పాట్ వాల్యుయేషన్‌లో నా పక్క టేబులు మాస్టారు ఒక పేపరు చూపించి నవ్వారు. "మా అబ్బాకి సలాం" అని మొదలుపెట్టింది ఎవరో పిల్ల. "అబ్బా అనేది ఆశ్చర్యార్థకం కదా మాస్టారూ, ఇక్కడెందుకు?" అని ఎర్రసిరాతో సున్నా చుట్టారు. తండ్రిని పిలిచిన పిలుపండీ అది అని చెప్పాను. ఆయన నొచ్చుకుని మార్కులు కలిపారు. మంచి మనిషి. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆ మాట మొదటిసారి విన్నానన్నారు. ఇరవై ఏళ్లలో ఎందరు పిల్లలు తమ అబ్బాని నాన్నగారిగా మార్చి రాసి మార్కులు తెచ్చుకున్నారో! నేనూ అలాగే తెచ్చుకున్నాను. నమస్కారం మీద నాకు పేచీ లేదు. సలాం తప్పెలా అయిందన్నదే నా పేచీ.

ఇక్కడే విజయనగరం గురించి ఒక ముచ్చట చెప్పాలి. ఆదిభట్ల నారాయణదాసు హరికథా పితామహుడు, 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాలు. ఆయన ఫారసీ నేర్చుకుని ఉమర్ ఖయ్యాం రుబాయీలని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ మార్చాడు. 1932లో అచ్చయింది. దాన్ని అందరూ పాండిత్యమన్నారు, నిజంగా పాండిత్యమే. బ్రాహ్మణుడు ఫారసీ నేర్చుకుంటే పాండిత్యం, సాయిబు తెలుగు నేర్చుకుంటే వింత! ఆ మహానుభావుడికి అన్ని భాషలూ తనవే అనిపించాయి. ఆ ధీమా ప్రతి పిల్లవాడికీ ఇవ్వడమే బడి పని కాదా?

గిడుగులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది తెలుగు గొడవ కూడా కాదు. సవర పని. పర్లాకిమిడి కొండల్లోని సవరలకి చదువు చెప్పాలనుకున్నప్పుడు ఆయన ముందు తాను విద్యార్థి అయ్యాడు. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నాడు. వాచకాలు రాశాడు. సొంత డబ్బుతో బడులు పెట్టాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. మీరు మా భాషలోకి రండి అనలేదు, నేను మీ భాషలోకి వస్తాను అన్నాడు. అలాంటి మనిషిని కూడా రాజ్యం గీత గీసి కదిలించింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయింది. డెబ్బై రెండేళ్ల వయసులో గిడుగు ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయాడు. భాషల్ని కలిపినవాడు భాషల సరిహద్దుకి నిర్వాసితుడయ్యాడు.

ఆ కొండల్లోనే మరో ముప్పై ఏళ్లకి ఇద్దరు బడిపంతుళ్లు ఇంకో పాఠం చెప్పారు. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం. ఏజెన్సీలో ఉద్యోగానికెళ్లి అక్షరాలతో పాటు భూమి లెక్కలూ అప్పు లెక్కలూ చెప్పారు. 1967లో లేవిడిలో ఇద్దరు గిరిజనుల్ని చంపాక అది సాయుధపోరాటమైంది. 1970 జులైలో ఇద్దరు మాస్టార్లూ పోలీసు కాల్పుల్లో పోయారు. వాళ్ల దారి గురించి పాఠకుల్లో రెండభిప్రాయాలుంటాయి. కానీ ఆ తర్వాతే కదా ఏజెన్సీకి ఐటీడీఏలూ ఆశ్రమ పాఠశాలలూ గబగబా వచ్చింది! 1871లో ముసల్మాన్ని చూసి బెదిరిన రాజ్యం బడి మాట ఎత్తినట్టే, 1970 తర్వాత గిరిజనుణ్ణి చూసి బెదిరిన రాజ్యం బడి కట్టింది. గిడుగు సవర వాచకం వేసిన దాదాపు నూరేళ్లకి, 2004 ప్రాంతంలో, సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలొచ్చాయి. షెడ్యూల్డు ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో ఇచ్చిన మూడో నంబరు జీవోని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో పోతుంది. భయం మీద కట్టిన బడి భయం తగ్గగానే బీటలిస్తుంది.

మాకేం దక్కిందో కూడా నిజాయితీగా చెప్పాలి. గళ్లని తిట్టుకున్నాను గానీ, గడి లేకపోతే అసలు లెక్కలోనే లేము. సామాజికంగా వెనకబడిన ముస్లిం వర్గాలకి 2007 చట్టం నాలుగు శాతం రిజర్వేషనిచ్చింది. మా వీధిలో తొలిసారి ఇంజనీరింగు మొహం చూసిన పిల్లలు ఆ గడి గుండానే వెళ్లారు. అందుకే గళ్లు చెరిపెయ్యమని నేనడగను. ఆ గడిలో ఏం రాయాలో మమ్మల్ని అడిగి రాయమంటున్నాను.

1992 డిసెంబరులో అయోధ్యలో మసీదు కూలిన మర్నాడు స్టాఫ్ రూములో ఒక మిత్రుడు మెల్లగా అడిగాడు, "మీవాళ్లు ఏమనుకుంటున్నారు మాస్టారూ?" అని. నావాళ్లెవరు? ఆ గంటలో నేను పాఠం చెప్పాల్సిన పదో తరగతి బీ సెక్షను నావాళ్లు కాదా? ఆయనలో ద్వేషం లేదు. బడి నేర్పిన గడి ఉంది. అది మనసులో పడ్డాక ముప్పై ఏళ్ల స్నేహం కూడా దాన్ని తుడవలేదు.

ఇప్పుడు మళ్లీ రాజ్యం బడి మీద చెయ్యేసింది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం అంది, తెలుగో ఉర్దూనో సబ్జెక్టుగా ఉంటుందంది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ ఏడే వచ్చిన జాతీయ విద్యావిధానం వీలైన చోట అయిదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమంది. 2022లో ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష అయింది. మాతృభాష గురించి ఉపన్యాసాలిచ్చినవాళ్ల పిల్లలు ఏ మీడియంలో చదువుతున్నారో మా వీధిలో అందరికీ తెలుసు. మా పిల్లలకి ఇంగ్లీషు కావాలి. గ్రాంథికం ఉన్న రోజుల్లో కొలువు తాళం గ్రాంథికంలో ఉండేది, ఇప్పుడు ఇంగ్లీషులో ఉంది. తాళంచెవి అడిగినవాణ్ణి భాషాద్రోహి అనకండి.

ఉర్దూ అధికార భాష అయినందుకు సంతోషమే. కానీ బోర్డు మీద ఉర్దూ రాస్తే మా నానీ చదవలేకపోయేది. మా ఇళ్లలో ఇప్పుడు దక్కనీ కూడా పలచబడిపోయింది. అవతలివాళ్లు ఉర్దూవాళ్లని రాసుకున్న పిల్లలకి ఉర్దూ రాదు. తెలుగువాళ్లని ఒప్పుకోని పిల్లలకి తెలుగు తప్ప ఇంకోటి రాదు.

నేనడిగేది పెద్ద సంస్కరణేమీ కాదు. జీవో కూడా అక్కర్లేదు. గిడుగు సవర దగ్గర చేసిన పనిని ప్రతి పంతులూ తన క్లాసులో చెయ్యాలి. పిల్లవాడి ఇంట్లో తండ్రిని ఏమని పిలుస్తారో, అన్నం వేళకి ఏమంటారో మాస్టారు ముందు నేర్చుకోవాలి. నేను సర్వీసులో ఉన్నన్నాళ్లూ మొదటి వ్యాసం మీ ఇంటి మాటల్లోనే రాయండి అనేవాణ్ణి. "ఏటి" వచ్చేది, "నక్కో" వచ్చేది, ఏజెన్సీ దగ్గరి బడుల్లో సవర మాటలు వచ్చేవి. వాటి పక్కనే పుస్తకం తెలుగు రాయించేవాణ్ణి. రెండూ వాళ్లవే అని చెప్పేవాణ్ణి. పరీక్షలో ఏది రాయాలో వాళ్లకి తెలిసేది. ఎందుకు రాస్తున్నారో కూడా తెలిసేది. ఇంటి మాటకి తల దించుకోని పిల్లలు పుస్తకం మాట కూడా బేగి పట్టేశారు. ఇది నేను ముప్పై మూడేళ్లు కళ్లారా చూసింది.

అవసరం కొద్దీ, భయం కొద్దీ బడి పెట్టే రాజ్యం ఆ రెండూ తీరగానే తలుపేసుకుంటుంది. దాని దయ కోసం కూచుంటే ఇంకో రెండొందల ఏళ్లు పడుతుంది. క్లాసురూము తలుపు మాత్రం పంతులు చేతిలో ఉంది. ముస్లిం పిల్లవాడికి తెలుగు వస్తే ఆశ్చర్యపోవడం మానుకోవడం దగ్గర మొదలుపెడదాం. దానికి ఖర్చు లేదు.